ఘంటం మూసే విద్య

శాస్త్రజ్ఞులందరూ ఏవో తలుపులు తెరిచినందుకే బిరుదులు పొందారు. తెరిచిన తలుపును మళ్ళీ జాగ్రత్తగా మూసినందుకు శాలువా కప్పించుకున్నవాడు చరిత్రలో ఎక్కడా కనబడడు. ఈ లోపం ఎంత పెద్దదో కాకినాడలో, ఓడరేవుకు పోయే దారిలో ఉన్న వాక్చికిత్సా పరిశోధనాలయంలో, ఒక వేసవి మధ్యాహ్నం డాక్టర్ వాసంశెట్టి హేమలతకు బోధపడింది. అప్పటికి ఆవిడ ఎదుట కుర్చీలో ఆవిడ గురువుగారు పుల్లేటికుర్తి చయనులు కూర్చుని ఉన్నారు. ఆయన తల మీద వెండితీగల వల ఉంది. ఆ వల గుండా ఆయన వాక్కు సమస్తమూ నల్లని తెర మీద ఆకుపచ్చ అక్షరాలుగా పరుచుకొని ఉంది. ఆయనను తెరవడం హేమలతకు వచ్చు. మూయడం రాదు.

పక్షవాతంతో మాట పడిపోయినవారి మెదడులో మాటలు చచ్చిపోవనీ, మాటకూ మాటకూ మధ్యనున్న ముళ్ళు మాత్రమే తెగుతాయనీ కనిపెట్టిన మహానుభావుడు చయనులుగారే. మెదడులోని మాటలను పంక్తులుగా, పుటలుగా చూపించే యంత్రాన్ని ఆయన నిర్మించారు. ఆ పంక్తుల చివర తెగిన ముళ్ళను తిరిగి కలపడానికి ఒక సాధనం రాశారు. దానికి ఘంటం అని పేరు పెట్టారు. ప్రపంచంలో తక్కిన సాధనాలన్నీ మనుషులకు సులువుగా ఉండాలని పుడతాయి. ఘంటం మనుషులను పరీక్షించడానికి పుట్టింది.

దానికి బొమ్మల వరుసలు లేవు. వేలితో తోసే బాణం లేదు. నల్లని తెర, ఆ తెర మీద మినుకుమినుకుమనే ఒక చుక్క, అంతే. ఆ చుక్కకు చూపు, రాత అని రెండు అవస్థలు. రాతలో ఉండగా మీట నొక్కితే అక్షరం పడుతుంది. చూపులో ఉండగా అదే మీట ఆజ్ఞ అవుతుంది: ‘మ’ నొక్కితే చుక్క కిందికి దిగుతుంది, ‘గ’ నొక్కితే ఒక పంక్తిని మింగుతుంది, ‘చ’ నొక్కితే చెప్పాపెట్టకుండా రాతలోకి జారుకుంటుంది. ప్రస్తుతం ఏ అవస్థలో ఉన్నదీ తెర చెప్పదు. ఆ సంగతి ఎవరైనా అడిగితే చయనులుగారు, నువ్వు మేలుకొని ఉన్నావో నిద్రపోతున్నావో నీ నుదుటి మీద రాసి ఉందా అని ఎదురు ప్రశ్న వేసేవారు.

ఘంటానికి పుస్తకం లేదు. రాసుకున్న విద్య రోలు కింద దాచిన రొట్టెలాంటిదనీ, ఎలుకకైనా దొరుకుతుందనీ ఆయన అభిప్రాయం. అందుచేత విద్య అంతా గురుముఖతః. ఒక్కొక్క శిష్యుణ్ణి విడిగా, తలుపు వేసి, ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పేవారు. తెరవడం, నడవడం, కలపడం, తుడవడం అందరికీ చెప్పారు. మూయడం మాత్రం అస్త్రాల ఉపసంహారం వంటిదనీ, పాత్రత చూసి ఆఖరున చెబుతాననీ అన్నారు. ఎవరికి చెప్పారో ఎవరికీ తెలియదు. పెద్ద శిష్యురాలు కనుక హేమలతకు చెప్పి ఉంటారని అందరూ అనుకున్నారు. హేమలత కాదనలేదు. కాదనకపోవడం అబద్ధం కాదని ఆవిడ తనకు తాను నచ్చజెప్పుకుంది.

ఇక ఆయన సొంత గదిలో, బీరువా పక్కన, ఘంటం తెరిచి ఉన్న యంత్రం ఒకటి ఏళ్ళ తరబడి ఆరకుండా వెలుగుతూ ఉండేది. దానికి వేరే బ్యాటరీలు, దాని మీద ఎర్ర పట్టుగుడ్డ. శిష్యులు దానికి అఖండం అని పేరు పెట్టుకొని, ఆ గది గుమ్మంలో చెప్పులు విడిచేవారు. పరీక్షలకు పోయేముందు గడప తాకి కళ్ళకద్దుకున్నవారూ ఉన్నారు. చయనులుగారు వద్దనలేదు.

మనుషుల జోలికి పోకుండా ఇన్నేళ్ళూ నమూనా మెదళ్ళ మీదే పని జరిగింది. అవి రికార్డు చేసి పెట్టుకున్న నకళ్ళు. ఒకటి పాడైతే ఇంకొకటి తీయవచ్చు. పని పూర్తయ్యాక హేమలత అందరినీ టీకి పంపించి, గది తలుపు వేసి, గోడ మీది ఎర్ర మెయిన్ స్విచ్చి కిందికి లాగేది. యంత్రం ఆరిపోయేది. ఐదు నిమిషాల తరువాత గంభీరంగా బయటికి వచ్చి, ముగిసింది అనేది. కాకినాడలో కరెంటు పోయినప్పుడల్లా ఊరంతా తిట్టుకునేది గాని ఆ భవనంలో మాత్రం ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. ఎందుకో ఎవరూ ఆలోచించలేదు.

అటువంటి రోజుల్లో, ఒక మౌఖిక పరీక్షలో విద్యార్థిని మధ్యలో ఆపి, ‘నీకు తెలియదు’ అనబోయి, ‘తెలి’ దగ్గర చయనులుగారి మాట పడిపోయింది. కాలూ చెయ్యీ పదిలంగానే ఉన్నాయి. వాక్కు ఒక్కటే పోయింది. తెగిన ముళ్ళు ఎండిపోకముందే కలపాలి. ఆలస్యమైతే ఘంటానికీ లొంగవు. తొలి మనిషిగా తననే తెరవమని ఆయన సైగ చేశారు. ఎవరు తెరవాలో కూడా వేలితో చూపించారు. ఆ వేలు తనవైపు తిరిగినప్పుడు హేమలతకు కళ్ళు చెమర్చాయి. వెంటనే మూయడం సంగతి గుర్తుకొచ్చింది.

ఆయన భార్య శేషారత్నంగారు అడిగినది ఒకటే. ‘‘తెరిచాక మళ్ళీ మూసేస్తారు కదమ్మా?’’

‘‘అదెంతసేపండీ అమ్మగారూ’’ అంది హేమలత.

రెండవ శిష్యుడు షేక్ మస్తాన్‌వలీకి ఉపసంహారం తెలిసే ఉంటుందని ఆవిడ నమ్మకం. మితభాషి, అయిదు పూటలా నమాజు చేసే మనిషి, రహస్యం దాచగల ముఖం. ఏదో ఒక మిషతో అతని చేత మూయించవచ్చునని ఆవిడ లెక్క వేసుకుంది.

ఆ ఉదయం పని అద్భుతంగా సాగింది. యంత్రం చూపే పుటలు ఎవరో కత్తిరించినవి కావు. మనిషి ఒక్కొక్క సందర్భంలో మాట్లాడే మాటలన్నీ మెదడు తనంతట తాను ఒక్కొక్క పుటగా కట్టుకుంటుంది. ఘంటం ఉన్న పుటలో పంక్తి చేర్చగలదు గాని కొత్త పుట కుట్టలేదు. ఏ పుట తెర మీద ఉంటే తెరిచి ఉన్న మనిషి ఆ పుటలోని మాటలే మాట్లాడగలడు. చయనులుగారి పాఠాల పుట సముద్రంలా ఉంది. సభల్లో వాదనల పుట, బాల్యంలో వల్లించిన శ్లోకాల పుట, తిట్ల పుట, అన్నీ పెద్దవే. చివరన చిన్న పుట ఒకటి ఉంది. చెయ్యి అలవాటు పడడానికి హేమలత దానితోనే మొదలుపెట్టింది. ఇంకొకరి మనసులోని మాటలు చదవడం మర్యాద కాదని పంక్తుల చివరలు మాత్రమే చూస్తూ, తెగిన ముళ్ళు కలుపుకుంటూ పోయింది.

కలపడం పూర్తి కాగానే కుర్చీలోంచి ‘‘ఇదిగో’’ అని వినిపించింది.

గోడవార టిఫిన్ క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న శేషారత్నంగారు లేచి నిలబడ్డారు. రామారావుపేటలోని వాళ్ళ ఇంట్లో సాయంత్రం వీధి తలుపు తీసిన చప్పుడు, తరువాత ఈ ఒక్క మాట, తరువాత వంటింట్లో కాఫీ గిన్నె చప్పుడు: అదీ క్రమం. ఆవిడను ఆయన ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. ఇదిగో అనేదే ఆవిడ పేరు. ఆ పేరు మళ్ళీ వినబడినందుకు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుండిపోయారు.

మధ్యాహ్నానికల్లా తక్కిన పుటలూ కలిశాయి. ఆఖరున పాఠాల పుట తెర మీద ఉంది. ఇక మూయాలి. తెరిచి ఉన్న మెదడు నిద్రపోదు, చల్లబడదు. వల అంచున కుట్టిన ఉష్ణమాపకం నెమ్మదిగా పైకి పోతోంది. సముద్రం మీద మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. కిటికీ రెక్కలు కొట్టుకోవడం మొదలైంది.

ఈ రోజు కోసమే బ్యాటరీతో సహా తెప్పించిన జనరేటరును చూడడానికి మస్తాన్‌వలీ కిందికి వెళ్ళాడు. గదిలో హేమలత, శేషారత్నంగారు, తెరిచి ఉన్న గురువుగారు. హేమలత చెమట పట్టిన వేళ్ళతో ‘ముగించు’ అని కొట్టింది.

చుక్క చూపులో ఉంది. ‘మ’ కిందికి దిగింది. ‘గ’ ఒక పంక్తిని మింగింది. ఆ పంక్తిలో ఆయన ప్రతి ఉపన్యాసంలోనూ వాడే ఒక భయంకరమైన సంస్కృత సమాసం ఉంది. అది ఆనాటితో ఈ లోకంలో లేకుండా పోయింది గాని దాని కోసం తరువాత ఎవరూ వెతుక్కోలేదు. ‘చ’ నొక్కగానే చుక్క రాతలోకి జారింది. ఆ సంగతి తెలియక ఆవిడ మళ్ళీ మొదటినుంచి, ఈసారి గట్టిగా, ‘ముగించు’ అని కొట్టింది.

‘‘ముగించు’’ అన్నారు చయనులుగారు. పాఠం చెప్పే గొంతు, స్పష్టమైన ఉచ్చారణ.

హేమలత చేతులు మీటల మీదే ఆగిపోయాయి. శేషారత్నంగారు కుర్చీ దగ్గరికి జరిగారు. ఆవిడ ఏమీ అడగకముందే హేమలత తొందరగా ఇంకొక మాట ప్రయత్నించింది. దిక్కుతోచనివాడికి ప్రతి సాధనంలోనూ ఎక్కడో సహాయం అనే తలుపు ఒకటి ఉంటుందని ఆవిడ ఆశ.

‘‘సహాయం’’ అన్నారు చయనులుగారు. ‘‘సహాయం. సహాయం.’’

‘‘ఏవిటమ్మా అది?’’ శేషారత్నంగారి గొంతు తగ్గింది. ‘‘ఈయన ఒకర్ని సాయం అడగడం నేనెప్పుడూ వినలేదు. ముగించెయ్యమంటున్నారేవిటి? నెప్పెడుతోందా?’’

‘‘పరీక్షిస్తున్నానండీ. ఆ మాటలు ఆయనవి కావు.’’

‘‘మరెవరివి?’’

హేమలత తెరవైపు తిరిగింది. ఆ మాటలు ఎవరివో చెబితే ఇన్నేళ్ళ గౌరవం ఒక్క వాక్యంలో కరిగిపోతుంది. చెప్పకపోతే ఒక మనిషి కరిగిపోతాడు. ఈ రెండింటినీ తూచడానికి ఆవిడకు పట్టిన కాలం ఆవిడకే సిగ్గు కలిగించింది.

మస్తాన్‌వలీ మెట్లెక్కి వచ్చి, గాలి ముదురుతోందనీ, మెయిన్ లైను ఏ క్షణమైనా పోవచ్చుననీ, జనరేటరు అందుకుంటుంది గాని మధ్యలో బ్యాటరీ మీద ఒక్క నిమిషం గండం ఉందనీ చెప్పాడు. ఇన్నాళ్ళూ తమను ఆదుకున్న కరెంటు కోత ఈ రోజు యముడి బంటులా గుమ్మంలో నిలబడింది.

హేమలత కుర్చీలోంచి లేచి, ఎంతో ఆదరంగా, ఉపసంహారం నీ చేతి మీదుగా జరిగితే గురువుగారు సంతోషిస్తారు అంది. మస్తాన్‌వలీ రెండడుగులు వెనక్కి వేసి, పెద్దవారుండగా తను ముట్టుకోవడం అపచారమన్నాడు. ఆవిడ, నీ చెయ్యి మెత్తన అంది. అతను, మీ చెయ్యి చలవన్నాడు. పెళ్ళి పంక్తిలో మొదటి ఆకు ముందు ఎవరు కూర్చోవాలన్న తగవులా అది సాగుతుండగా ఉష్ణమాపకం ఇంకొక గీత ఎక్కింది. ఇద్దరూ ఒకేసారి దానివైపు చూసి, ఒకరినొకరు చూసుకున్నారు.

‘‘వలీ’’ అంది హేమలత. ‘‘నాకు రాదు.’’

అతను కుర్చీలోని గురువుగారివైపు చూశాడు. ఆ తరువాత, ‘‘మీకు చెప్పారనే కదా మేడం, నేను అడగలేదు ఆయన్ని’’ అన్నాడు.

‘‘నీకు చెప్పారనే నేను ఈయన్ని తెరిచాను.’’

శేషారత్నంగారు ఒకరి తరువాత ఒకరిని చూశారు. ఆవిడ అరవలేదు. క్యారియరు కింద పెట్టి, కుర్చీ చేతిమీదున్న భర్త చేతి మీద తన చెయ్యి వేసి, ‘‘ఆయన్నే అడగండి మరి’’ అన్నారు. ‘‘మాటొచ్చిందన్నారుగా.’’

ఇద్దరు డాక్టర్లకూ తోచని సంగతి అది. తోచకపోవడానికి కారణం ఉంది: చేతులు మీటల మీద ఉన్నంతసేపూ ఆయన నోట తమ మాటలే వస్తున్నాయి. హేమలత వెనక్కి జరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఇంత స్పష్టంగా ఎన్నడూ అడగని ప్రశ్న అడిగింది. ఘంటాన్ని మూయడం ఎలాగండీ?

తెర మీద పాఠాల పుట వెలుగుతోంది. చయనులుగారి కళ్ళు ఒకసారి మూతపడి తెరుచుకున్నాయి. ఆయన గొంతు సవరించుకున్నారు. ఆ పుట తెరిచి ఉండగా ఆయనకు ఆ భాష తప్ప వేరే భాష లేదు.

‘‘విద్యార్థులారా’’ అన్నారు. ‘‘ఈ సాధనమునకు ఉపసంహార విధానము కలదు. దానిని నేనే నిర్మించితిని. మిక్కిలి గొప్పగానే నిర్మించియుందును. అది యేదియో మాత్రము...’’ ఇక్కడ ఆయన ఆగారు. సభలో నీళ్ళగ్లాసు కోసం ఆగినట్టు ఆగారు. ‘‘అది యేదియో మాత్రము మరచితిని. గుర్తున్నదని మీ యెదుట నటించితిని. అఖండమనునది వ్రతము కాదు. దానిని ఆర్పుట నాకు చేతకాలేదు.’’

మస్తాన్‌వలీ చెప్పులతోనే గురువుగారి గదిలోకి పరిగెత్తాడు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని పట్టుగుడ్డ లాగేశాడు. ఏదైనా ఆనవాలు దొరుకుతుందేమోనన్న ఆశతో తెర మీదికి వంగి చదివాడు. తిరిగి వచ్చినప్పుడు అతని ముఖం పాలిపోయి ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియని పెదవులతో, తాను చూసినది హేమలత చెవిలో చెప్పాడు. శిష్యపరంపర గడప తాకి కళ్ళకద్దుకున్న ఆ మహామంత్రం ఇది: ముగించు ముగించు ముగింపు చాలు ఇక చాలు సహాయం సహాయం ఓరి దేవుడా.

అదే సమయానికి కరెంటు పోయింది.

బ్యాటరీ కీచుమంది. తెర ఒకసారి సన్నగిల్లి మళ్ళీ వెలిగింది. కింద జనరేటరు దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గింది. తెర మీద చయనులుగారి విద్య యావత్తూ, ఆయన జీవితంలో సంపాదించినదంతా, దీపం ముందు పురుగులా కొట్టుకుంటోంది. మస్తాన్‌వలీ పెదవులు కదులుతున్నాయి. శేషారత్నంగారి చెయ్యి భర్త చేతిమీద బిగుసుకుంది. మూడోసారి దగ్గి జనరేటరు అందుకుంది.

‘‘అది మళ్ళీ ఆగితే?’’ అని అడిగారు శేషారత్నంగారు.

నమూనాల సంగతి చెప్పక తప్పలేదు. తాను ఇన్నేళ్ళూ ఎర్ర స్విచ్చి లాగే మూశాననీ, ప్రతిసారీ నమూనాలో మొదటి పుట ఒకటి పోయేదనీ హేమలత చెప్పింది. పని కాగానే గ్రంథం మూసినట్టు మర్యాదగా మొదటికి తిరిగి వచ్చి లాగడం ఆవిడ అలవాటు. యంత్రానికి మొదటి పుట మీద ఏదో కసి ఉందని నమ్మింది.

మస్తాన్‌వలీ తల ఎత్తాడు. ‘‘మొదటిది కాదు మేడం. చివరిది పోతుంది. నేనూ స్విచ్చే లాగేవాణ్ణి. ఎక్కడ పని ఆగితే అక్కడే, చివర ఉండగా లాగేసేవాణ్ణి. ఎప్పుడూ చివరిదే పోయేది.’’

ఇద్దరి నోళ్ళూ ఒక్కసారే తెరుచుకొని, ఒక్కసారే మూతపడ్డాయి. మొదటిదీ కాదు, చివరిదీ కాదు. ఏ పుట తెర మీద ఉంటే అదే పోతుంది. చూస్తున్న పుట సగం మెదడులోనూ సగం యంత్రంలోనూ ఉంటుంది. తక్కినవి ఎప్పటికప్పుడు మెదడులో భద్రంగా సర్దుకుంటాయి. ఒకరి తప్పు ఒకరికి తెలియకుండా దాచుకున్నందువల్ల, ఇన్నేళ్ళు ఒకే గోడకు అటొకరు ఇటొకరు నిలబడి, తలుపు లేదని వాదించినట్టయింది. శాస్త్రచరిత్రలో ఇంత గొప్ప ఆవిష్కారం ఇంత సిగ్గుతో జరిగి ఉండదు.

అయితే మనిషిలో ఖాళీ పుట ఉండదు. ఏదో ఒకటి ఇవ్వాలి. పైగా ఇది నమూనాల మీద చూసిన సంగతి. బతికిన మెదడు ఎలా ఊరుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

తిట్ల పుట తీసేయమన్నాడు మస్తాన్‌వలీ, ఆ పుటతో తనకున్న చిరకాల పరిచయం కొద్దీ. హేమలత ఆ పుట తెర మీదికి తెచ్చి చూసింది. దాని పంక్తుల చివరల నుంచి ముళ్ళు పాఠాల్లోకీ, సభల్లోకీ, శ్లోకాల్లోకి కూడా మర్రి ఊడల్లా పాకి ఉన్నాయి. ఆయన తిట్టకుండా ఏదీ చెప్పలేదు. అది లాగితే తక్కినవీ చిరుగుతాయి. శ్లోకాలూ అంతే, వాదనలూ అంతే. ఒక్కొక్క పుటా తిరగేస్తూ ఆవిడ చివరకు వచ్చింది. అక్కడ ఏ ముడీ ఎటూ పోని పుట ఒక్కటే ఉంది. తన అంచుల్లో తాను ముడుచుకొని కూర్చున్న చిన్న పుట. పొద్దున చదవకుండా కలిపిన ఆ పుటను హేమలత ఇప్పుడు చదివింది. చదివి, తెరకు అడ్డంగా నిలబడబోయింది.

‘‘పక్కకి జరుగమ్మా’’ అన్నారు శేషారత్నంగారు. ‘‘కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను.’’

తెర మీద ఇలా ఉంది:

ఇదిగో.
కాఫీ.
కళ్ళజోడెక్కడ?
తాళం వేశావా?
ఉప్పెక్కువైంది.
నీకు తెలియదులే.
చూద్దాం.
సరే.

దాని కింద ఆకుపచ్చ చుక్క మినుకుమంటోంది. దానికింద అంతా నలుపే.

ఒక మనిషి తన ఇంట్లో, తనవాళ్ళతో, ఇంతకాలం మాట్లాడినది మొత్తం అది. కిటికీ బయట గాలి ఒక రేకును ఎక్కడో ఊడబెరికింది. శేషారత్నంగారు పై నుంచి కిందికి, కింద నుంచి పైకి చదివారు. తన పేరు ఎక్కడైనా ఉందేమోనని వెతికినట్టు హేమలతకు తోచింది.

‘‘పెద్ద పుస్తకమే’’ అన్నారు చివరకు. ‘‘ఇది తీస్తే మిగతావన్నీ ఉంటాయా?’’

‘‘ఉండాలండీ. ఖాయంగా చెప్పలేను.’’

‘‘ఉంచితే?’’

హేమలత ఉష్ణమాపకం వైపు చూసింది. అదే జవాబు.

శేషారత్నంగారు భర్త ముఖంలోకి వంగారు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నోరు తెరిచి ఏదో చెప్పబోయారు. పెద్ద మాట ఏదో ఛాతీలోంచి లేచి గొంతు దాకా వచ్చినట్టు మెడనరాలు ఉబ్బాయి. కాని తెర మీద ఉన్నది ఆ పుట.

‘‘ఇదిగో’’ అన్నారు. తల విసిరారు. ‘‘ఇదిగో... ఇదిగో...’’

‘‘వింటున్నాను. ఈ పుట తీసేస్తారట. తీసెయ్యమంటారా?’’

ఆయన పెదవులు అటూ ఇటూ వెతుక్కున్నాయి. ‘‘నీకు తెలియదులే’’ అని వచ్చింది. అలా అనదలుచుకోలేదని ఆయన కళ్ళే చెప్పాయి. ఆ కళ్ళలో నీళ్ళు నిండాయి. అంత విద్వాంసుడూ ఎనిమిది పంక్తుల గదిలో చిక్కుకుపోయి, గోడలు తడుముతున్నాడు. ఆ గది ఆయన కట్టుకున్నదే.

‘‘తెలుసులెండి’’ అన్నారు శేషారత్నంగారు. ‘‘చెప్పండి. తియ్యనా?’’

‘‘చూద్దాం.’’

‘‘చూడ్డానికి టైము లేదట.’’

కింద జనరేటరు మళ్ళీ దగ్గింది. చయనులుగారు భార్య చెయ్యి పట్టుకున్నారు. పట్టుకోవడం కొత్త కనుక మణికట్టు బదులు గాజులు పట్టుకున్నారు.

‘‘సరే’’ అన్నారు.

శేషారత్నంగారు ఇటు తిరగకుండానే, కానిమ్మని తల ఊపారు. హేమలత గోడ దగ్గరికి నడిచింది. ఎన్నోసార్లు, ఎవరూ లేనప్పుడు, దొంగలా లాగిన ఆ ఎర్ర స్విచ్చి మొదటిసారి అందరి ఎదుటా పట్టుకుంది. మస్తాన్‌వలీ తెర మీద పుట మారలేదని ఒకసారి, మళ్ళీ ఒకసారి చూసి, చెయ్యి పైకెత్తాడు. ఆవిడ లాగింది.

ఆకుపచ్చ చుక్క ఆరిపోయింది. చయనులుగారి తల ఒక పక్కకు వాలింది. గాజులు పట్టుకున్న చెయ్యి జారింది. ముగ్గురూ ఆ నల్లని తెరకేసి కాదు, ఆయన ఛాతీకేసి చూశారు. అది కదలలేదు. ఆపైన కదిలింది. ఆ వెంటనే, తలుపు కిర్రుమన్నట్టు, ఒక గురక వినబడింది. మస్తాన్‌వలీ నేలమీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. శేషారత్నంగారు, ఇన్నేళ్ళలో ఆ గురకను ఇంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదన్నట్టు, చెవి దగ్గరగా పెట్టి విన్నారు.

నిద్రలేచాక చయనులుగారి పాఠాలు ఉన్నాయి. శ్లోకాలు ఉన్నాయి. తిట్లు ఒక్కటి కూడా తగ్గలేదు. మస్తాన్‌వలీ వాటిని స్వయంగా విని నిర్ధారించాడు. పోయింది ఆ చిన్న పుట ఒక్కటే.

తరువాతి వారం పరిశోధనాలయంలో ఎర్ర స్విచ్చి పక్కన ఒక అట్టముక్క వేలాడింది: ‘‘లాగేముందు ఏ పుట తెరిచి ఉందో చూసుకోండి.’’ ఘంటం మీద వెలువడిన మొట్టమొదటి గ్రంథం అదే. గురువుగారి గదిలో అఖండాన్ని మస్తాన్‌వలీ ఆర్పేశాడు. ఆర్పేముందు, అలవాటు కొద్దీ, చెప్పులు విడిచాడు.

ఆ ఆదివారం ఉదయం హేమలత రామారావుపేటకు వెళ్ళింది. క్షమాపణ చెప్పుకోవడానికి వాక్యాలు అల్లుకుంటూ వెళ్ళింది. శేషారత్నంగారు వాటిని మొదటి వాక్యంలోనే ఆపి, వరండాలో కుర్చీ చూపించారు. చయనులుగారు ఎదుట పడకకుర్చీలో కూర్చుని, వంటింటి వైపు పదేపదే చూస్తున్నారు. నోరు తెరుస్తున్నారు, మూస్తున్నారు. ఎదురుగా ఉన్న మనిషిని ఏమని పిలవాలో, ఆ మనిషిని ఏమడగాలో, ఎలా అడగాలో, ఆ సందర్భానికి చెందిన మాట ఒక్కటీ ఆయన దగ్గర లేదు. చివరకు ఉన్న భాషనే కూడగట్టుకున్నారు. నిటారుగా కూర్చుని, ఉత్తరీయం సర్దుకున్నారు.

‘‘మాన్యురాలగు శ్రోతకు మనవి’’ అన్నారు. ‘‘ఉదయకాలమున సేవింపదగిన ఉష్ణపానీయ మొకటి ఈ పరిసరములయందు లభ్యమగునా యని నా ప్రశ్న. అది తమకు శ్రమ కలిగించునేని, నా ప్రశ్నను ఉపసంహరించుకొందును.’’

శేషారత్నంగారు నవ్వలేదు. వాకిలిస్తంభానికి ఆనుకొని నిలబడి ఆయన్ని పరీక్షగా చూశారు. ఇంత పొడుగు మాట ఆయన ఆవిడతో ఆడడం అదే మొదలు.

‘‘ఎవర్నడుగుతున్నారు?’’

ఆయన తడబడ్డారు. ‘‘తమ నామధేయము...’’

‘‘శేషారత్నం. అనండి.’’

‘‘శేషారత్నము.’’

‘‘సభలో లేరు మీరు. ఇంట్లో ఉన్నారు. మళ్ళీ అనండి.’’

గొప్ప పరీక్షకు కూర్చున్న విద్యార్థిలా ఆయన ఊపిరి బిగపట్టి, ‘‘శేషారత్నం’’ అన్నారు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళారు. కాఫీ గిన్నె చప్పుడైంది. అంతలో గుమ్మం దాకా తిరిగి వచ్చి, చేతిలో చెంచాతో నిలబడి, ‘‘పొయ్యి చప్పుడులో సరిగ్గా వినపళ్ళేదు, ఇంకోసారి అనండి’’ అన్నారు.

పొయ్యి ఇంకా వెలిగించలేదని హేమలతకు కనబడుతూనే ఉంది. ఆవిడ చప్పుడు కాకుండా లేచి, చెప్పులు తొడుక్కుని, బయటికి నడిచి, తన వెనక వీధి తలుపు మెల్లిగా దగ్గరికి వేసింది. అలా మూయాలని ఆవిడకు ఎవరూ నేర్పలేదు.